విశ్వాస అంతరం నుండి విశ్వాస స్థాయిని కనుగొనే విధానం – వ్యవసాయ ప్రయోగ ఫలితాలకు అన్వయం

సంగ్రహం

వ్యవసాయ పరిశోధనా నివేదికలలో, విస్తరణ కరపత్రాలలో సగటు దిగుబడితో పాటు ఒక కనిష్ఠ హద్దు, ఒక గరిష్ఠ హద్దు ఇవ్వడం పరిపాటి. అయితే ఆ హద్దులు ఏ విశ్వాస స్థాయికి సంబంధించినవో అనేక సందర్భాలలో పేర్కొనబడదు. స్థాయి తెలియని అంతరం ఆధారంగా రకాలను గాని, యాజమాన్య పద్ధతులను గాని సిఫారసు చేయడం సరికాదు. అంతరపు హద్దులు, నమూనా పరిమాణం, ప్రామాణిక విచలనం తెలిసినప్పుడు విశ్వాస స్థాయిని వెనుక నుండి లెక్కించే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. పెద్ద నమూనాలు, చిన్న నమూనాలు, మొలక శాతం వంటి నిష్పత్తులు, మధ్యగతం అనే నాలుగు సందర్భాలు ఉదాహరణలతో చర్చించబడినవి. ఉదాహరణలలోని దిగుబడి అంకెలు బోధన కొరకు ఊహించినవి.

1. ఉపోద్ఘాతం

ప్రాథమిక గణాంక శాస్త్ర పాఠ్యాంశాలలో విశ్వాస అంతరాన్ని సాధారణంగా ఒకే దిశలో బోధిస్తారు. విశ్వాస స్థాయిని ముందుగా 95 శాతం లేదా 99 శాతంగా నిర్ణయించి, పట్టిక నుండి 1.96 లేదా 2.576 అనే విలువను తీసుకొని, దానిని ప్రామాణిక దోషంతో గుణించి హద్దులను కనుగొంటారు. విద్యార్థి ఈ వరుసను కంఠస్థం చేస్తాడు. క్షేత్రంలో ఎదురయ్యే సమస్య తరచుగా దీనికి విపరీతంగా ఉంటుంది. అక్కడ హద్దులు ముందే అచ్చయి ఉంటాయి. స్థాయి మాత్రమే తెలియదు. "ఈ పద్ధతి వలన హెక్టారుకు 200 నుండి 600 కి.గ్రా. అదనపు దిగుబడి లభించును" అనే వాక్యాన్ని చదివిన విస్తరణ శాస్త్రవేత్త దానిని రైతుకు చెప్పే ముందు, ఆ 200, 600 అనే అంకెలను ఎంతవరకు నమ్మవచ్చునో నిర్ణయించుకోవలసి ఉంటుంది.

విశ్వాస అంతర సిద్ధాంతానికి, వ్యవసాయ ప్రయోగాలకు ఉన్న సంబంధం పాతది. ఈ సిద్ధాంతాన్ని రూపొందించిన యెర్జి నేమన్ 1920వ దశకపు ఆరంభంలో పోలండు దేశపు బిద్గోష్చ్ నగరంలోని వ్యవసాయ సంస్థలో గణాంకవేత్తగా పనిచేశాడు. 1934లో నమూనా సర్వేలపై వెలువరించిన పత్రంలో ఈ భావనను ప్రవేశపెట్టి, 1937లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో దానిని సమగ్రంగా ప్రతిపాదించాడు. అంతకు ముందే 1908లో, డబ్లిన్ నగరంలోని గిన్నిస్ మద్యశాలలో పనిచేసిన విలియం గోసెట్ "స్టూడెంట్" అనే కలం పేరుతో చిన్న నమూనాలకు తగిన విభాజనాన్ని ప్రకటించాడు. కొద్ది పరిశీలనల నుండి సగటును ఎంతవరకు నమ్మవచ్చునన్నది ఆయన ఎదుర్కొన్న సమస్య. నాలుగైదు పునరావృతాలతో ప్రయోగాలు వేసే వ్యవసాయ శాస్త్రజ్ఞుల సమస్య నేటికీ అదే.

2. విశ్వాస స్థాయి – అర్థ వివరణ

గణనకు పూర్వం భావన స్పష్టంగా ఉండాలి. ఒక మండలంలోని వరి పొలాలన్నింటి నిజమైన సగటు దిగుబడి ఒక స్థిరమైన సంఖ్య. అది తెలియనిది మాత్రమే గాని మారేది కాదు. నమూనా మారినప్పుడల్లా నమూనా సగటు మారుతుంది, దానితో పాటు అంతరపు హద్దులు మారతాయి. ఒకే పద్ధతితో పదే పదే నమూనాలు తీసి, ప్రతిసారి అంతరాన్ని నిర్మిస్తూ పోతే, వాటిలో ఎంత శాతం అంతరాలు నిజమైన సగటును తమలో ఇముడ్చుకొంటాయో ఆ శాతమే విశ్వాస స్థాయి. కనుక విశ్వాస స్థాయి అనేది అంతరాన్ని నిర్మించిన పద్ధతికి చెందిన గుణం.

దీనిని బట్టి రెండు అపోహలను తొలగించుకోవాలి. 90 శాతం విశ్వాస అంతరమనగా 90 శాతం పొలాల దిగుబడి ఆ హద్దుల మధ్య ఉంటుందని అర్థం కాదు. అంతరం సగటును గురించినది. విడివిడి పొలాల దిగుబడులు అంతకంటే ఎంతో విస్తారంగా వ్యాపించి ఉంటాయి. అట్లే, లెక్కించి ముగించిన ఒకానొక అంతరంలో నిజమైన సగటు ఉండే సంభావ్యత 90 శాతమని చెప్పడమూ నేమన్ సిద్ధాంతం ప్రకారం సరికాదు. ఆ అంతరంలో సగటు ఉన్నది, లేదా లేదు. నూటికి 90 సార్లు సఫలమయ్యే పద్ధతి నుండి ఈ అంతరం వచ్చినదని మాత్రమే చెప్పగలము.

3. గణన క్రమం

సమవిభక్తంగా, అనగా నమూనా సగటుకు ఇరువైపులా సమాన దూరంలో హద్దులున్న అంతరానికి నిర్మాణం ఇది:

విశ్వాస అంతరం = నమూనా సగటు ± (జెడ్ విలువ × ప్రామాణిక దోషం)

ప్రామాణిక దోషం = ప్రామాణిక విచలనం ÷ √(నమూనా పరిమాణం)

దీనిని వెనుకకు నడిపించడానికి ఐదు మెట్లు చాలును.

మొదటి మెట్టు: రెండు హద్దుల మొత్తంలో సగం నమూనా సగటు. రెండు హద్దుల తేడాలో సగం అంతరపు అర్ధ వెడల్పు.
రెండవ మెట్టు: ప్రామాణిక విచలనాన్ని నమూనా పరిమాణపు వర్గమూలంతో భాగించి ప్రామాణిక దోషాన్ని కనుగొనాలి.
మూడవ మెట్టు: అర్ధ వెడల్పును ప్రామాణిక దోషంతో భాగించాలి. వచ్చినది జెడ్ విలువ.
నాలుగవ మెట్టు: సామాన్య విభాజన పట్టికలో 0 నుండి ఆ జెడ్ వరకు గల వైశాల్యాన్ని చూడాలి.
ఐదవ మెట్టు: ఆ వైశాల్యాన్ని రెట్టింపు చేసి, 100తో గుణిస్తే విశ్వాస స్థాయి శాతంలో లభిస్తుంది.

ఉదాహరణ 1. ఒక మండలంలో 36 వరి పొలాలను యాదృచ్ఛికంగా ఎన్నుకొని, ఒక్కొక్క పొలంలో 5 మీ. × 5 మీ. మడిలో పంట కోత ప్రయోగం నిర్వహించినట్లు భావించాలి. పూర్వపు సంవత్సరాల అనుభవం నుండి మడి దిగుబడుల ప్రామాణిక విచలనం 2.4 కి.గ్రా. అని తెలుసు. నివేదికలో సగటు దిగుబడి మడికి 13.34 నుండి 14.66 కి.గ్రా. అని మాత్రమే ఉన్నది.

సగటు = (13.34 + 14.66) ÷ 2 = 14.00 కి.గ్రా.
అర్ధ వెడల్పు = (14.66 − 13.34) ÷ 2 = 0.66 కి.గ్రా.
ప్రామాణిక దోషం = 2.4 ÷ √36 = 0.40 కి.గ్రా.
జెడ్ = 0.66 ÷ 0.40 = 1.65
0 నుండి 1.65 వరకు వైశాల్యం = 0.4505
విశ్వాస స్థాయి = 2 × 0.4505 = 0.9010, అనగా సుమారు 90 శాతం.

మడి వైశాల్యం 25 చదరపు మీటర్లు గనుక 400తో గుణిస్తే హెక్టారు దిగుబడి వస్తుంది. అంతరం హెక్టారుకు 5,336 నుండి 5,864 కి.గ్రా. అగును. కొలమానం మారినంత మాత్రాన స్థాయి మారదు. అర్ధ వెడల్పు, ప్రామాణిక దోషం రెండూ 400 రెట్లవుతాయి గనుక వాటి నిష్పత్తి 1.65గానే నిలుస్తుంది. ఇదే దత్తాంశానికి 95 శాతం స్థాయిలో అంతరం 5,286 నుండి 5,914 కి.గ్రా., 99 శాతం స్థాయిలో 5,188 నుండి 6,012 కి.గ్రా. విశ్వాసం పెరిగే కొద్దీ అంతరం వెడల్పు అవుతుంది.

ఉదాహరణ 2. పొరుగు మండలం నివేదికలో సగటు దిగుబడి హెక్టారుకు 5,440 నుండి 5,760 కి.గ్రా. అని ఉన్నది. అక్కడ కోసినవి 16 మడులు మాత్రమే. ప్రామాణిక విచలనం అదే 2.4 కి.గ్రా. పైకి చూస్తే రెండవ నివేదిక మరింత కచ్చితమైనదిగా తోస్తుంది, ఎందుకనగా దాని వెడల్పు 320 కి.గ్రా., మొదటి దాని వెడల్పు 528 కి.గ్రా. లెక్క వేరు విధంగా చెబుతుంది. ప్రామాణిక దోషం 2.4 ÷ 4 = 0.6 కి.గ్రా., అనగా హెక్టారుకు 240 కి.గ్రా. అర్ధ వెడల్పు 160 కి.గ్రా. జెడ్ = 160 ÷ 240 = 0.67. వైశాల్యం 0.2486, రెట్టింపు 0.4972. విశ్వాస స్థాయి సుమారు 50 శాతం మాత్రమే. ఇటువంటి అంతరాలలో రెండింటికి ఒకటి నిజమైన సగటును తప్పిపోతుంది. స్థాయిని పేర్కొనకుండా రెండు అంతరాల వెడల్పులను పోల్చడం ఎంత అపాయకరమో ఈ ఉదాహరణ తెలియజేస్తుంది.

ఈ 50 శాతపు అంతరం కేవలం ఊహ కాదు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలోని ప్రయోగ సాహిత్యంలో ± గుర్తు తరువాత ప్రామాణిక దోషానికి 0.6745 రెట్లయిన "సంభావ్య దోషం" రాసేవారు. గోసెట్ 1908 నాటి పత్రం శీర్షికలో ఉన్నదీ ఆ పదమే. పాత నివేదికలలోని అంకెలను నేటి వాటితో పోల్చే విద్యార్థులు ఈ తేడాను గమనించాలి.

4. పట్టికను చదవడంలో జాగ్రత్త

విద్యార్థులు ఎక్కువగా పొరపడేది నాలుగవ మెట్టు వద్ద. సామాన్య విభాజన పట్టికలు రెండు రకాలుగా అచ్చవుతాయి. మొదటి రకం 0 నుండి జెడ్ వరకు గల వైశాల్యాన్ని ఇస్తుంది, 1.65 వద్ద 0.4505 కనిపిస్తుంది. రెండవ రకం ఎడమ కొన నుండి జెడ్ వరకు గల మొత్తం వైశాల్యాన్ని ఇస్తుంది; అదే 1.65 వద్ద 0.9505 కనిపిస్తుంది. కంప్యూటర్ ప్రోగ్రాములు సాధారణంగా ఇచ్చేది ఈ రెండవ దానినే. 0.9505ను చూసి స్థాయి 95 శాతమని రాయడం తప్పు. కుడి కొనలో మిగిలిన 0.0495 వంటిదే ఎడమ కొనలోనూ ఉన్నది, రెండింటినీ తీసివేయాలి. రెండవ రకం పట్టికకు సూత్రం: విశ్వాస స్థాయి = 2 × (పట్టిక వైశాల్యం) − 1. ఇక్కడ 2 × 0.9505 − 1 = 0.9010.

హద్దులు సగటుకు సమాన దూరంలో లేనప్పుడు రెట్టింపు చేయరాదు. ఉదాహరణ 1లోని దత్తాంశానికి ఎవరైనా 13.40 నుండి 14.80 కి.గ్రా. అని హద్దులు ఇచ్చినట్లయితే, కింది దూరం 0.60, పై దూరం 0.80 కి.గ్రా. జెడ్ విలువలు వరుసగా 1.5, 2.0. వాటి వైశాల్యాలు 0.4332, 0.4772. రెండింటి మొత్తం 0.9104, స్థాయి సుమారు 91 శాతం.

5. చిన్న నమూనాలు – టి విభాజనం

పై ఉదాహరణలలో ప్రామాణిక విచలనం ముందుగా తెలిసినట్లు భావించబడినది. వాస్తవంలో దానిని కూడా అదే నమూనా నుండి అంచనా వేయవలసి వస్తుంది. అప్పుడు జెడ్‌కు బదులు టి విభాజనాన్ని, నమూనా పరిమాణం కంటే ఒకటి తక్కువైన డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌తో ఉపయోగించాలి. గణన క్రమం మారదు. చివరి పట్టిక మాత్రమే మారుతుంది. ఉదాహరణ 1లో 2.4 కి.గ్రా. అనేది ఆ 36 మడుల నుండే వచ్చిన అంచనా అయితే, 35 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ వద్ద 1.65కు స్థాయి సుమారు 89 శాతం. పెద్ద నమూనాలో తేడా స్వల్పం. నమూనా చిన్నదయ్యే కొద్దీ తేడా పెరుగుతుంది. అర్ధ వెడల్పు సరిగా ఒక ప్రామాణిక దోషానికి సమానమైనప్పుడు స్థాయి ఈ విధంగా ఉంటుంది:

పట్టిక 1. సగటు ± ఒక ప్రామాణిక దోషం – విశ్వాస స్థాయి
డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 3 : 60.9 శాతం
డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 5 : 63.7 శాతం
డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 9 : 65.7 శాతం
డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 15 : 66.7 శాతం
డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 30 : 67.5 శాతం
సామాన్య విభాజనం : 68.3 శాతం

ఈ పట్టిక వ్యవసాయ పత్రాలను చదివేవారికి ప్రత్యేకించి ఉపయుక్తం. ప్రయోగ ఫలితాల పట్టికల అడుగున "ఎస్.ఇ.ఎం. ±" అని ఇచ్చే అంకె ఒక ప్రామాణిక దోషం మాత్రమే. ± గుర్తును చూసి దానిని 95 శాతం అంతరంగా భావించరాదు. ఏడు ట్రీట్‌మెంట్లు, నాలుగు పునరావృతాలు గల యాదృచ్ఛిక బ్లాకుల ప్రయోగంలో దోషానికి 18 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఉంటాయి. అక్కడ సగటు ± ఎస్.ఇ.ఎం. అనునది సుమారు 67 శాతం అంతరం. 5 శాతం వద్ద సి.డి. విలువ అదే ప్రయోగంలో ఎస్.ఇ.ఎం.కు 2.101 × 1.414, అనగా సుమారు మూడు రెట్లు. ఒకే పట్టిక కింద అచ్చయిన ఈ రెండు అంకెలు రెండు వేర్వేరు పనులకు ఉద్దేశించినవి: మొదటిది ఒక సగటు యొక్క అనిశ్చితిని, రెండవది రెండు సగటుల తేడాను పరీక్షించే కొలతను తెలియజేస్తాయి.

పంట బీమాకు కూడా ఈ విషయం వర్తిస్తుంది. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో గ్రామాన్ని యూనిట్‌గా తీసుకొన్న చోట ప్రధాన పంటకు కనీసం నాలుగు పంట కోత ప్రయోగాలు నిర్దేశించబడినవి. నాలుగు మడుల నుండి ప్రామాణిక విచలనం 2.4 కి.గ్రా. వచ్చినదనుకొంటే, ప్రామాణిక దోషం 1.2 కి.గ్రా., అనగా హెక్టారుకు 480 కి.గ్రా. సగటుకు ఇరువైపులా 480 కి.గ్రా. తీసుకొంటే స్థాయి 61 శాతమే. 95 శాతం కావలెనంటే 3 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ వద్ద టి విలువ 3.182 గనుక, ఇరువైపులా 1,527 కి.గ్రా. విడవాలి. నాలుగు మడుల సగటుపై ఒక గ్రామపు పరిహారం నిర్ణయమయ్యేటప్పుడు, ఒక్కొక్క మడి ఎంపికలో, కోతలో, తూకంలో ఎంత జాగ్రత్త అవసరమో ఈ అంకె స్పష్టం చేస్తుంది.

6. ప్రదర్శనా క్షేత్ర ఫలితం – సిఫారసుకు ముందు

ఉపోద్ఘాతంలోని వాక్యాన్ని ఇప్పుడు పరిశీలించవచ్చు. 16 మంది రైతుల పొలాలలో కొత్త పద్ధతి, రైతు పద్ధతి పక్కపక్కన వేయబడినవి. ఒక్కొక్క పొలంలో రెండింటి తేడాను లెక్కించగా, తేడాల ప్రామాణిక విచలనం హెక్టారుకు 800 కి.గ్రా. నివేదికలోని అంతరం 200 నుండి 600 కి.గ్రా.

సగటు తేడా = 400 కి.గ్రా.
అర్ధ వెడల్పు = 200 కి.గ్రా.
ప్రామాణిక దోషం = 800 ÷ √16 = 200 కి.గ్రా.
టి = 200 ÷ 200 = 1.00, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 15.

టి పట్టికలో 15 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ వరుసలో 60 శాతం స్థాయికి 0.866, 70 శాతం స్థాయికి 1.074 ఉన్నవి. 1.00 వీటి మధ్య ఉన్నది. అనుపాతంలో లెక్కిస్తే 60 + 10 × (0.134 ÷ 0.208) = 66.4 శాతం, కచ్చితమైన విలువ 66.7 శాతం. అనగా నివేదికలో ఇచ్చినది మూడింట రెండు వంతుల విశ్వాసం గల అంతరం మాత్రమే.

అదే దత్తాంశానికి 95 శాతం అంతరం 400 ± (2.131 × 200), అనగా −26 నుండి 826 కి.గ్రా. ఈ అంతరంలో సున్న ఇమిడి ఉన్నది. కొత్త పద్ధతి వలన లాభం లేకపోవచ్చుననే అవకాశాన్ని ఈ ప్రయోగం 95 శాతం స్థాయిలో తోసిపుచ్చలేదు. పద్ధతి నిష్ప్రయోజనమని దీని అర్థం కాదు. సగటు తేడా 400 కి.గ్రా.గానే ఉన్నది. అయితే అదనపు విత్తనానికి, యంత్రానికి గాని రైతు అప్పు చేయవలసిన పరిస్థితి ఉంటే, "కనీసం 200 కి.గ్రా. పెరుగును" అని హామీ ఇవ్వడం ఆ దత్తాంశం మోయలేని బరువు. మరొక పంట కాలం, మరికొన్ని పొలాలలో ప్రదర్శనలు నిర్వహించిన పిదప సిఫారసు చేయడం సముచితం. తేడాల విచలనం ఇట్లే ఉంటే, పొలాల సంఖ్యను నాలుగు రెట్లు, అనగా 64 చేసినప్పుడు ప్రామాణిక దోషం సగానికి, 100 కి.గ్రా.కు తగ్గుతుంది. సగటు తేడా 400గానే నిలిచినట్లయితే, అప్పుడు 200 నుండి 600 అనే అదే అంతరం సుమారు 95 శాతం అంతరం అగును.

7. నిష్పత్తులు – మొలక శాతం

మొలక శాతం, తెగులు సోకిన మొక్కల శాతం వంటి నిష్పత్తులకు ప్రామాణిక దోషం వేరుగా ఉంటుంది:

ప్రామాణిక దోషం = √(నిష్పత్తి × (1 − నిష్పత్తి) ÷ నమూనా పరిమాణం)

వరి విత్తనానికి ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం కనీస మొలక శాతం 80. ప్రయోగశాలలో 400 విత్తనాలను పరీక్షించగా 336 మొలకెత్తినవి, అనగా 84 శాతం. ప్రామాణిక దోషం √(0.84 × 0.16 ÷ 400) = 0.0183. నివేదికలో 82 నుండి 86 శాతం అని ఉంటే జెడ్ = 0.02 ÷ 0.0183 = 1.09, వైశాల్యం 0.3621, స్థాయి సుమారు 72 శాతం.

ఇక్కడ మరొక ఉపయోగకరమైన ప్రశ్న వేయవచ్చు. అంతరపు కింది హద్దు సరిగా 80 శాతాన్ని తాకే స్థాయి ఎంత? అర్ధ వెడల్పు 0.04; జెడ్ = 0.04 ÷ 0.0183 = 2.18 (పూర్తి దశాంశాలతో), వైశాల్యం 0.4854, స్థాయి సుమారు 97 శాతం. 97 శాతం కంటే తక్కువ స్థాయి గల ప్రతి అంతరం 80కి పైనే ఉంటుంది. 99 శాతం అంతరం 80ని దాటి కిందికి దిగుతుంది. పరికల్పనా పరీక్షలలో వచ్చే పి-విలువకు ఈ గణన దగ్గరి బంధువు: 100లో నుండి 97 తీసివేయగా మిగిలిన 3 శాతం దాదాపు రెండు కొనల పి-విలువ. పరీక్షలో ప్రామాణిక దోషాన్ని 84కు బదులు 80 శాతం ఆధారంగా లెక్కిస్తారు. అప్పుడు జెడ్ 2.0 వచ్చి, విలువ సుమారు 4.6 శాతం అగును.

ఈ గణనను దుర్వినియోగపరచరాదు. ఫలితాన్ని చూసిన తరువాత, అనుకూలంగా కనిపించే స్థాయిని ఎన్నుకొని దానినే ముందుగా నిర్ణయించినట్లు ప్రకటించడం గణాంక ధర్మానికి విరుద్ధం. నివేదించే స్థాయి ప్రయోగానికి ముందే నిర్ణయమై ఉండాలి. వెనుక నుండి లెక్కించే విధానం ఇతరుల నివేదికలను పరీక్షించడానికి ఉద్దేశించినది.

8. పట్టిక అవసరం లేని సందర్భం – మధ్యగతం

దిగుబడులు సామాన్య విభాజనాన్ని అనుసరించనప్పుడు, ప్రామాణిక విచలనం అందుబాటులో లేనప్పుడు కూడా విశ్వాస స్థాయిని కనుగొనవచ్చును. ఒక గ్రామంలో యాదృచ్ఛికంగా ఎన్నుకొన్న ఐదుగురు రైతుల దిగుబడులలో అతి తక్కువది, అతి ఎక్కువది మాత్రమే తీసుకొంటే, ఆ రెండింటి మధ్య గ్రామపు మధ్యగత దిగుబడి ఉండే అంతరానికి స్థాయి ఎంత?

మధ్యగతం నిర్వచనం ప్రకారం ఏ పొలమైనా దానికి పైన ఉండే సంభావ్యత సగం, కింద ఉండే సంభావ్యత సగం. అంతరం మధ్యగతాన్ని తప్పిపోవలెనంటే ఐదు పొలాలూ పైన ఉండాలి, లేదా ఐదూ కింద ఉండాలి. ఒక్కొక్క దాని సంభావ్యత 1/32. రెండింటి మొత్తం 1/16. కనుక విశ్వాస స్థాయి 15/16, అనగా 93.75 శాతం. నాణెమును ఐదుసార్లు ఎగురవేసి విద్యార్థులకు దీనిని తరగతిలోనే చూపవచ్చు.

పది పొలాలను ఎన్నుకొని, దిగుబడులను ఆరోహణ క్రమంలో పేర్చి, రెండవ విలువ నుండి తొమ్మిదవ విలువ వరకు తీసుకొంటే ద్విపద విభాజనం ప్రకారం స్థాయి 1 − 2 × (1 + 10) ÷ 1,024 = 0.9785, సుమారు 98 శాతం. మూడవ విలువ నుండి ఎనిమిదవ విలువ వరకు తీసుకొంటే 1 − 2 × (1 + 10 + 45) ÷ 1,024 = 0.8906, సుమారు 89 శాతం. ఇక్కడ స్థాయిని ఇష్టానుసారం 95గా అమర్చడం సాధ్యపడదు; వచ్చిన స్థాయిని లెక్కించి ఉన్నది ఉన్నట్లు రాయాలి. విశ్వాస స్థాయిని కనుగొనడమే అసలు పని అయిన సందర్భం ఇది.

9. లెక్కించిన స్థాయి నిజమయ్యే షరతులు

పై గణనలన్నీ పరిశీలనలు యాదృచ్ఛికమైనవి, పరస్పర స్వతంత్రమైనవి అనే షరతుపై ఆధారపడినవి. రోడ్డు పక్కన ఉన్న పొలాలనో, ఆదర్శ రైతుల పొలాలనో ఎన్నుకొన్నట్లయితే అంతరపు కేంద్రమే పక్కకు జరుగుతుంది. ఆ లోపాన్ని ఏ పట్టికా సరిదిద్దలేదు.

స్వతంత్రత లోపించినప్పుడు స్థాయి పైకి కనిపించే దానికంటే తక్కువ. ఉదాహరణ 1లోని 36 మడులు 36 పొలాల నుండి కాక, 12 పొలాల నుండి మూడేసి చొప్పున తీసినవైతే, ఒకే పొలంలోని మడులు ఒకదానిని ఒకటి పోలి ఉంటాయి. పొలం లోపలి సహసంబంధం 0.5 అయితే సగటు విస్తృతి 1 + (3 − 1) × 0.5 = 2 రెట్లు అవుతుంది. ప్రామాణిక దోషం 0.40 నుండి 0.566 కి.గ్రా.కు పెరుగుతుంది. జెడ్ = 0.66 ÷ 0.566 = 1.17, స్థాయి 75.8 శాతం. పొలాల సంఖ్య 12 మాత్రమే గనుక టి విభాజనం ప్రకారం ఇది ఇంకా కొంత తగ్గుతుంది. 90 శాతమని ప్రకటించినది వాస్తవంలో నాలుగింట మూడు వంతులకు పడిపోయినది. కనుక నివేదికలో మడుల సంఖ్యను మాత్రమే కాక, అవి ఎన్ని పొలాల నుండి, ఎన్ని గ్రామాల నుండి వచ్చినవో కూడా చూడవలసి ఉంటుంది.

10. అభ్యాసాలు

(1) 25 వేరుశనగ క్షేత్రాలు. ప్రామాణిక విచలనం హెక్టారుకు 300 కి.గ్రా. అని ముందుగా తెలుసు. అంతరం 1,880 నుండి 2,120 కి.గ్రా. విశ్వాస స్థాయి ఎంత?
(2) 9 మట్టి నమూనాలలో లభ్య నత్రజని. నమూనా నుండి లెక్కించిన ప్రామాణిక విచలనం హెక్టారుకు 30 కి.గ్రా.; అంతరం 211.4 నుండి 248.6 కి.గ్రా. విశ్వాస స్థాయి ఎంత?
(3) 7 పొలాల దిగుబడులలో రెండవ కనిష్ఠ విలువ నుండి రెండవ గరిష్ఠ విలువ వరకు గల అంతరానికి, మధ్యగతం విషయంలో విశ్వాస స్థాయి ఎంత?

సమాధానాలు: (1) ప్రామాణిక దోషం 60, జెడ్ 2.0, స్థాయి 95.4 శాతం. (2) ప్రామాణిక దోషం 10, టి 1.86, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 8, స్థాయి 90 శాతం. (3) 1 − 2 × (1 + 7) ÷ 128 = 0.875, స్థాయి 87.5 శాతం.

11. ముగింపు

అంతరపు అర్ధ వెడల్పును ప్రామాణిక దోషంతో భాగించి, తగిన విభాజనంలో వైశాల్యాన్ని చూడడమే విశ్వాస స్థాయిని కనుగొనే విధానం. ఇది సాధ్యపడాలంటే నివేదికలో నమూనా పరిమాణం, ప్రామాణిక విచలనం లేదా ప్రామాణిక దోషం, నమూనా ఎంపిక విధానం ఉండి తీరాలి. ఇవి లోపించిన అంతరాన్ని ఎవరూ పరీక్షించలేరు. పరిశోధనా పత్రాలలో ± గుర్తు తరువాత వచ్చే అంకె ఏమిటో ఒక మాటలో తెలియజేయడం, కరపత్రాలలో హద్దులతో పాటు విశ్వాస స్థాయిని, పొలాల సంఖ్యను పేర్కొనడం ఆచారంగా స్థిరపడవలసి ఉన్నది. సిఫారసు పొలానికి చేరిన తరువాత పొరపాటు ఖర్చును భరించేది రైతు గనుక, ఆ రెండు అంకెలు అచ్చు వేసే ముందే చేరడం అవసరం.